మగ్గం సొంతమైతే స్వతంత్రుడేనా?

కావలి నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

"అయ్యా, మా అపార్ట్‌మెంట్‌లో ఆగస్టు 15కి ఫ్లెక్సీ వేయించాలనుకున్నాం. ఒకరు స్వతంత్ర దినోత్సవం అంటారు, ఒకరు స్వాతంత్ర దినోత్సవం అంటారు, మా మామగారేమో స్వాతంత్ర్య అని పట్టుబట్టి రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇది ఇట్టా ఉంటే గ్రూప్స్‌కి చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలో స్వరాజ్యం, స్వపరిపాలన, స్వయంప్రతిపత్తి, సార్వభౌమాధికారం అని వరసగా ఉన్నయ్. అన్నీ ఒకటేనా? ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు? దయచేసి తేల్చండి."

తేల్చమంటే తేల్చేవాణ్ణయితే ఇన్నేళ్ళు ఈ శీర్షిక రాసేవాణ్ణి కాదు, అయినా ప్రయత్నిస్తా.

ముందు ఫ్లెక్సీ సంగతి. మామగారిదే రైటు. పండితుడి గుణం పాండిత్యం, దరిద్రుడిది దారిద్ర్యం, స్వతంత్రుడిది స్వాతంత్ర్యం, ఇది హైస్కూల్లో చెప్పిన పాఠమే, కొత్తగా నేను చెప్పేదేం లేదు. దారిద్ర్యరేఖ అని సర్కారు కాగితాల్లో య ఒత్తుతో సహా నిక్షేపంగా అచ్చేస్తారు, అదే య ఒత్తు స్వాతంత్ర్యం దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోతదో నాకర్థం కాదు, దరిద్రానికిచ్చిన మర్యాద కూడా స్వాతంత్ర్యానికి ఇవ్వమా? కొన్నిచోట్ల ర, య తారుమారై "స్వాతంత్య్రం" అని కూడా కనపడుద్ది. నోటితో మెల్లిగా పలికి చూడండి, త తర్వాత ర, ఆ తర్వాత య. చేత్తో రాసేటప్పుడు ర ఒత్తుని ఎవరికి వీలైన చోట వాళ్ళు తగిలించుకున్నారు, దాన్ని నేను మరీ తప్పుపట్టను, కానీ కంప్యూటర్లో టైపు చేసేటప్పుడు వరస మారితే మాటే మారిపోతది, వెతికితే దొరకదు కూడా.

ఇక నాకిష్టమైన చోటికి వస్తా. స్వ, తంత్రం. ఈ తంత్రం ఏంది?

తంత్రం అనగానే ఇప్పటి పిల్లలకి నిమ్మకాయలు, ముగ్గు, పుర్రె గుర్తొస్తయ్. కొంచెం పెద్దవాళ్ళకి ఎత్తుగడ గుర్తొస్తది, టీవీ వాళ్ళు ఎన్నికలొస్తే చాలు రాజకీయ తంత్రం, కుతంత్రం అంటా ఊదరగొడతారు. ఇవన్నీ తర్వాత వచ్చి చేరినయ్. అసలు తంత్రం అంటే మగ్గం. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే మగ్గం మీద సాగదీసి కట్టిన పడుగు, అంటే నిలువు దారాలు. తన్ అనే ధాతువు, సాచడం, పరచడం అని అర్థం. తంతువు దాంట్లోంచే, తంతి దాంట్లోంచే, వితానం దాంట్లోంచే, వంశాన్ని ముందుకు సాగదీసేది కాబట్టి సంతానం కూడా దాంట్లోంచే. ఋగ్వేదంలో తంత్రం నేత మాటగా ఉంది. పాణిని "తంత్రాదచిరాపహృతే" అని ఒక సూత్రమే రాశాడు, మగ్గం మీంచి అప్పుడే కోసి దించిన కొత్త బట్టని తంత్రకం అంటారని చెప్పడానికి. వ్యాకరణం రాసేవాడు గంజి వాసన పోని కొత్త బట్టని కూడా వదిలిపెట్టలేదు చూడండి.

అదే పాణిని ఇంకోచోట "స్వతంత్రః కర్తా" అన్నాడు. వాక్యంలో కర్త ఎవరయ్యా అంటే ఆ పనిలో ఎవడు స్వతంత్రుడో వాడు. రాముడు కత్తితో కొమ్మ నరికాడు అంటే కత్తి లేకపోతే పని జరగదు, కొమ్మ లేకపోయినా జరగదు, అయినా కర్త రాముడే. మనం బళ్ళో కర్త కర్మ క్రియ అని బట్టీ పట్టి పోయాం గానీ, స్వతంత్రుడంటే ఎవడు అనే ప్రశ్నకి మన దేశంలో ఒక పాత జవాబు రాజనీతి పుస్తకంలో గాక వ్యాకరణంలో కూర్చోనుందని ఎవరన్నా చెప్పారా?

ఈ సూత్రం దగ్గరే పతంజలి ఒక చమత్కారం చేస్తాడు. క్రీ.పూ. 2వ శతాబ్దం మనిషి, మహాభాష్యం రాసినాయన, ఆయన రాత చదువుతుంటే పుస్తకం చదివినట్టుండదు, క్లాసులో కూర్చున్నట్టు ఉంటది. ఆయన అడుగుతాడు, స్వతంత్రుడంటే ఎవరు, సొంత తంత్రం ఉన్నవాడా? అయితే ఏమైతది? "తంతువాయే ప్రాప్నోతి", అంటే ఆ పేరు సాలెవాడికి పోతది! సొంత మగ్గం ఉండేది నేతగాడికే కదా, అప్పుడు లోకంలో నేతగాడు తప్ప ఇంకెవరూ కర్త కాడానికి లేదు. తర్వాత ఆయనే సర్దుతాడు. తంత్రానికి రెండు అర్థాలున్నయ్, పరిచిన పడుగు ఒకటి, ప్రాధాన్యం ఒకటి, ఇక్కడ రెండోది తీసుకోండి, తనే ప్రధానంగా ఉన్నవాడు స్వతంత్రుడు అని.

పాఠం చెప్పిన ముప్పై ఏళ్ళలో ఈ చోటు వచ్చినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. చీరాల్లో పనిచేసినప్పుడు ఒక ఆదివారం జాండ్రపేటలో ఒక ఇంటికి పోయా, చీర కొందామని. గుంట మగ్గం. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోనున్నాడు, కింద కాలితో తొక్కుతా చేత్తో తాడు లాగితే నాడె ఈ పక్క నించి ఆ పక్కకి టక్కున దూకుతా ఉంది, పక్కన వాళ్ళావిడ కండెలు చుడతా ఉంది. నాకు నోరు ఊరుకోదు కదా, పతంజలి కథంతా చెప్పి, చూశావా పెద్దాయనా, రెండు వేల ఏళ్ళ కిందటే నిన్ను స్వతంత్రుడని తేల్చారు అన్నా. ఆయన నాడె ఆపి నా వంక చూసి, మగ్గం నాదే సార్, నూలు షావుకారుది, రంగు షావుకారుది, డిజైను ఆయనే ఇస్తాడు, చీర దించినాక ఆయనకే పోతది అన్నాడు. మరి నీదేంది అన్నా. కూలి అన్నాడు. మళ్ళీ తాడు లాగాడు. ఆ చీర నాకు అమ్మలేదు, అమ్మడానికి ఆయనది కాదు కదా.

పతంజలి రెండో అర్థం ఎందుకు తీసుకోమన్నాడో నాకు ఆరోజు తెలిసింది. మగ్గం ఉండడం ఒకటి, నేతలో ప్రధానంగా ఉండడం ఒకటి.

ఇక్కడ భర్తృహరిని కూడా ఒక్కమాట తలుచుకోవాలి. వాక్యపదీయం అనే వ్యాకరణ గ్రంథంలో ఆయన కర్తని స్వతంత్రుడు అనడానికి కారణాలు వరసబెట్టి చెప్తాడు. మిగతావాటికంటే ముందే వాడికి శక్తి ఉంటది, మిగతావి వాడికి లోబడి ఉంటయ్, వాడు కదిలిస్తే కదులుతయ్, కదులుతున్నవాటిని ఆపే చెయ్యి కూడా వాడిదే, ఇట్టా పోయి పోయి ఒక కారణం చెప్తాడు చూడండి, కర్తకి ప్రతినిధి ఉండడు అని. కత్తి లేకపోతే గొడ్డలి పెట్టుకోవచ్చు, కొమ్మ నరికేవాడి బదులు ఇంకొకడొస్తే మాత్రం కర్తే మారిపోయినట్టు. మరి మన స్వపరిపాలన అంతా ప్రతినిధుల మీదే కదా నడిచేది, ఊరికో సర్పంచి, వార్డుకో కౌన్సిలరు, నియోజకవర్గానికో ఎమ్మెల్యే. భర్తృహరి లెక్కన ఓటేసి ఇంటికి పోయినవాడు కర్తేనా అనే ప్రశ్న వస్తది. దాని జోలికి నేను పోను, ఎలక్షన్ల టైములో ఎందుకొచ్చిన గొడవ.

చీరాల పేరు ఎత్తా కాబట్టి ఇది చెప్పకుండా పోలేను, మీరు అడిగిన స్వపరిపాలనకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలవదు. చీరాల, పేరాల అప్పట్లో చిన్న యూనియన్, ఇప్పటి పంచాయతీ లాంటిది. అక్కడ చాలామంది నేతపని వాళ్ళు. సర్కారు వచ్చి రెండూళ్ళనీ చుట్టుపక్కల పేటలనీ కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేల రూపాయలుండే పన్ను 40 వేల దాకా ఎక్కింది. సర్కారు భాషలో దీని పేరేంటో తెలుసా, స్థానిక స్వపరిపాలన. రిప్పన్ దొర 1882లో మొదలుపెట్టిన మాట, 1919 సంస్కరణల్లో మన మంత్రుల చేతికిచ్చిన శాఖల్లో ఇదీ ఒకటి. అంటే కాగితం మీద చీరాల వాళ్ళకి దొరికింది సొంత పాలన. ఊళ్ళో వాళ్ళు మాత్రం మాకొద్దు మహాప్రభో అన్నారు. అడిగింది వాళ్ళు కాదు, పేరు పెట్టింది వాళ్ళు కాదు, పన్ను ఎంతో చెప్పింది కూడా వాళ్ళు కాదు, కట్టే పని ఒక్కటే వాళ్ళది. స్వపరిపాలన అనే మాటలో ఉంది "పరి" అనే ఉపసర్గ, "పర" కాదు, అయినా చీరాల వాళ్ళకి ఆ మాట స్వ, పర, పాలన అనే వినపడింది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, జనం ఆంధ్రరత్న అనుకున్న మనిషి, ఎడింబరోలో చదువుకొచ్చి రామదండు అని ఒక దళం కట్టి ఆ ఊళ్ళో నిలబడ్డాడు. 1921 ఏప్రిల్లో గాంధీ వచ్చినప్పుడు ఏం చెయ్యమంటారని అడిగితే పన్ను కట్టకుండా ఉండడం ఒక దారి, ఊరే ఖాళీ చేసిపోవడం ఇంకో దారి అన్నాడట. మునిసిపాలిటీ అనేది ఊరికి గానీ మనుషులకి కాదు కదా, ఊళ్ళో మనుషులే లేకపోతే పన్ను ఎవరిమీద వేస్తారు? జనం ఇళ్ళకి తాళాలేసి ఊరవతల పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండల్లో వానల్లో పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. చివరికి నాయకుణ్ణి జైల్లో పెట్టారు, చేతిలో డబ్బు అయిపోయింది, ఎవరిళ్ళకి వాళ్ళు తిరిగొచ్చారు. గెలిచారా ఓడారా అని నన్నడగొద్దు. ఒక్కటి మాత్రం చెప్తా, కదులుతున్నవాటిని ఆపేవాడు కర్త అని భర్తృహరి అన్నాడే, ఆ పదకొండు నెలలూ ఆ ఊళ్ళో కర్త ఎవరో అందరికీ తెలుసు.

(చీరాల అప్పుడు గుంటూరు జిల్లా, 1970లో కొత్తగా కట్టిన ఒంగోలు జిల్లాలో, అదే ఇప్పటి ప్రకాశంలో కలిపారు, 2022లో బాపట్లకి ఇచ్చారు. ఊరు కదల్లేదు, దాని మీంచి జిల్లాలే పోతున్నయ్. వెంకటగిరి నేతవాళ్ళకీ అంతే, నెల్లూరు పోయి తిరుపతి వచ్చింది, చీర అంచు మాత్రం మారలేదు.)

ఇక మిగతా మాటలు. మీ అమ్మాయి పరీక్షకి పనికొచ్చేవి ఇవే, నాకు ఇష్టమైనవి మాత్రం పైన అయిపోయినయ్.

స్వరాజ్యం. ఋగ్వేదంలో ఇంద్రుడి సూక్తంలో పల్లవిలా వస్తది, చాలా పాత మాట. కాంగ్రెస్ వేదిక మీద 1906 కలకత్తా సభలో దాదాభాయి నౌరోజీ అధ్యక్షుడిగా పలికాడు, అయితే ఎట్టా పలికాడు, ఇంగ్లండులో ఉన్నట్టో వాళ్ళ వలసల్లో ఉన్నట్టో స్వపరిపాలన లేక స్వరాజ్యం అని. పుట్టడమే రెండు అర్థాలతో పుట్టింది, ఒకరికి సామ్రాజ్యంలో ఉంటానే సొంత సభ, ఇంకొకరికి పూర్తిగా విడిపోవడం. అందుకే 1929 లాహోరుకి వచ్చేసరికి ముందు పూర్ణ అని తగిలించాల్సి వచ్చింది, పూర్ణ స్వరాజ్యం. మాటలో వదులు ఉంటేనే కదా విశేషణం పెట్టి బిగించేది. మన ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసులో ఇంగ్లీషు పత్రిక పెట్టి కూడా దానికి స్వరాజ్య అనే పేరు పెట్టాడు, ఇంగ్లీషులో దానికి సరిపోయే మాట లేదనుకున్నాడేమో. ఇంకొక సంగతి, తొందర్లో స్వారాజ్యం అని దీర్ఘం తీయకండి. స్వారాట్టు అంటే అమరకోశంలో ఇంద్రుడి పేరు, మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఫ్లెక్సీ మీద దేవేంద్ర పదవి అడిగినట్టైతది.

స్వపరిపాలన. పైన అయింది. 1916లో అనిబిసెంటమ్మ అడయారులో పెట్టిన హోమ్ రూల్ లీగుని జనం హోమ్ రూల్ అనే పిలిచారు, ఐర్లండు నుంచి వచ్చిన మాట అది.

స్వయంప్రతిపత్తి. దీంతో నాకు పేచీ ఉంది. ప్రతిపత్తి అంటే సంస్కృతంలో పొందడం, తెలుసుకోవడం, గౌరవం, ఇట్టా చాలా ఉన్నయ్, తెలుగులో హోదా అనే అర్థం ఒక్కటే నిలబడింది, డొమినియన్ స్టేటస్‌ని పెద్దలు అధినివేశ ప్రతిపత్తి అన్నారు కదా. కాబట్టి స్వయంప్రతిపత్తి అంటే సొంతంగా నడుపుకునే హోదా, దాన్ని ఎవరో ఒకరు పైనించి ఇస్తారు. రాజ్యాంగం ఆరో షెడ్యూల్లో అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం రాష్ట్రాల్లోని కొండ జిల్లాలకి ఇచ్చింది అదే. యూజీసీ కాలేజీలకి ఇచ్చేదీ అదే. మా ఊళ్ళో ఒక కాలేజీ గేటు మీద "స్వయం ప్రతిపత్తి" అని మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ వదిలి రాశారు, ఆ ఖాళీలో స్కూటర్ పార్కింగ్ చేసుకోవచ్చు.

దీనికి ఇంగ్లీషువాళ్ళు వాడే అటానమీ గ్రీకు మాట, సొంత చట్టం అని అర్థం. ఆ గ్రీకు ఊళ్ళ కథ కూడా చీరాల లాంటిదే. క్రీ.పూ. 386లో ఒక సంధి జరిగింది, గ్రీకు ఊళ్ళన్నీ చిన్నవీ పెద్దవీ అటానమస్‌గా ఉండాలి అని దాంట్లో రాశారు. రాయించింది ఎవరయ్యా అంటే పారసీక చక్రవర్తి! ఆసియా వైపున్న గ్రీకు ఊళ్ళు మాత్రం నావి అన్నాడు, సముద్రానికి ఇవతలున్న స్పార్టావాళ్ళేమో ఆ సంధి పేరు చెప్పి మిగతా ఊళ్ళ మీద కర్ర తిప్పారు. సొంత చట్టం వాళ్ళది, గ్యారంటీ సంతకం పక్కింటాయనది.

ప్రతిపత్తి, హోదా అన్నాం కాబట్టి ఒక తమాషా. 2019 దాకా కాశ్మీరుకి ఉన్నది ప్రత్యేక ప్రతిపత్తి, మన రాష్ట్రం అడుగుతున్నది ప్రత్యేక హోదా. రెండిటికీ ఇంగ్లీషులో స్టేటస్ అనే అంటారు. ఒకదానికి సంస్కృతం, ఇంకోదానికి ఉర్దూ దారిలో వచ్చిన హోదా. రాజ్యాంగం సంగతి అయితే ప్రతిపత్తి, డబ్బుల సంగతి అయితే హోదా, ఈ తేడా ఏ పండితుడూ కూర్చుని పెట్టలేదు, పేపరు వాళ్ళ చేతిలో దానంతటదే పడింది, పడినా బాగానే పడింది. వాళ్ళని తిట్టడమే కాదు, అప్పుడప్పుడు మెచ్చుకోవాలి కూడా.

సార్వభౌమాధికారం: పైన ఇంకొకడు లేకపోవడం. ఒక్క ముక్క చాలు. నెల్లూరు వాణ్ణి కాబట్టి ఇంకో ముక్క. తిక్కన సోమయాజి తన నిర్వచనోత్తర రామాయణం అంకితమిచ్చిన మనుమసిద్ధి మన ఊరి రాజే, దాయాదులు ఆయన్ని గద్దె దించితే తిక్కనే ఓరుగల్లు పోయి గణపతిదేవుణ్ణి అడిగి సైన్యాన్ని తెచ్చి నిలబెట్టాడని చెప్తారు. గద్దె మనుమసిద్ధిది, నిలబెట్టిన చెయ్యి కాకతీయులది. ఆయన స్వతంత్రుడా? జాండ్రపేట పెద్దాయన్ని అడగాలి.

స్వేచ్ఛ: స్వ, ఇచ్ఛ, మనసుకి సంబంధించింది. ఇష్టారాజ్యం: ఇష్టానికి రాజ్యానికి మధ్య ఆ దీర్ఘం ఎట్టా వచ్చిందని వ్యాకరణం అడిగితే జవాబు లేదు, అయినా దాన్ని దిద్దడానికి నాకు మనసొప్పదు, ఆ దీర్ఘంలోనే ఉంది తిట్టంతా.

మరి తీర్పేంటి అంటారా. ఫ్లెక్సీ మీద స్వాతంత్ర్య దినోత్సవం అనే రాయించండి, య ఒత్తు పట్టలేదని ప్రింటింగ్ అబ్బాయి అంటే ఫ్లెక్సీ ఇంకో అడుగు పెంచమనండి. స్వాతంత్ర అనేది అటూ కాదు ఇటూ కాదు, వృద్ధి, అంటే మొదట్లో దీర్ఘం వచ్చి, చివర రావాల్సిన య ప్రత్యయం రాని మాట, పడుగు కట్టి పేక వెయ్యని మగ్గం లాంటిది, దాన్ని మాత్రం ఒప్పుకోను. స్వతంత్ర దినం అంటే స్వతంత్రమైన రోజు అని అర్థమొస్తది, ఆ రోజుకేం స్వతంత్రమని అడగొచ్చు, అట్టాగని పూర్తిగా తప్పని అనడానికీ నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే తెలుగువాడి నోట్లో స్వతంత్రం అనే మాట గుణానికి కూడా ఎప్పటినించో నడుస్తానే ఉంది. కోడలు అత్తగారింట్లో డబ్బాలో చెయ్యి పెట్టి చక్కెర తీసుకోడానికి మొహమాటపడుతుంటే, ఆమాత్రం స్వతంత్రం లేదా అమ్మా నీకు అంటారు మనవైపు. అక్కడ స్వాతంత్ర్యం అని దిద్దితే ఆ చక్కెర చేదెక్కుద్ది.

మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి, పందెం ఆయనే గెలిచారు, అన్నం తినమనండి. కింద ఫ్లాట్లో ముసలామె ఎవరన్నా "మనకి స్వతంత్రం వచ్చిన ఏడు నా పెళ్ళయింది" అంటే మాత్రం ఆమెని దిద్దబోకండని కూడా చెప్పండి.